మట్టికి తోడు

గోరువెచ్చటి పాలలో చెంచాడు పెరుగు కలిపి మూతపెట్టే ప్రతి ఇల్లాలికీ బాక్టీరియా పెంపకం తెలుసు. ఆ మాట ఎవరూ ఆవిడతో అనరు గానీ, పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుందనీ, చలికాలమైతే కాస్త ఎక్కువ వెయ్యాలనీ, పులిసిన తోడు వేస్తే పెరుగూ పుల్లగానే వస్తుందనీ ఆవిడకి ఎవరూ ప్రయోగశాలలో కూర్చోబెట్టి నేర్పలేదు. పైగా మనవాళ్ళు దానికి పెట్టిన పేరు చూడండి: తోడు! ఒంటరి పాలకి ఎవరినో తోడిచ్చి పంపినట్టు లేదూ?

నేను చదివింది బి.ఏ. రాసుకునేది నవలలు. సూక్ష్మజీవుల జోలికి వెళ్ళవలసిన అవసరం నాకేమిటని మీరడగవచ్చు. ఈమధ్య తేయాకు తోటల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. మనుషుల కథ కోసం చదవబోతే మట్టి కథ దొరికింది. పాలకి తోడు వేసినట్టే అక్కడ మట్టికీ తోడు వేస్తున్నారు. ఆ తోడు ప్యాకెట్లలో అమ్ముతారు. 'జీవన ఎరువులు' అంటారు వాటిని. పొలం ఉన్న ఇళ్ళల్లో ఈ మాట వినే ఉంటారు. రసాయనాలు మానేసి సేంద్రియ పద్ధతిలో టీ పండించే తోటలకి ఇవి చాలా ముఖ్యం. వీటి వెనక 150 ఏళ్ళ కథ ఉంది. అందులో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. వాళ్ళ కోసమే ఈ వ్యాసం రాస్తున్నానన్నా తప్పులేదు.

అస్సాం నించి మొదటి టీ, ఎనిమిది పెట్టెలు, లండన్ వేలంలో అమ్ముడైంది 1839 జనవరిలో. అదే ఏడు అస్సాం కంపెనీ పుట్టింది. ఆ తర్వాత అడవులు నరికారు, తోటలు వేశారు. పనికి మనుషులు కావలసి వచ్చి ఛోటానాగపూర్ నించీ, ఒరిస్సా నించీ, మన గంజాం, విశాఖపట్నం జిల్లాల నించీ జనాన్ని తరలించారు. అలా వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి ఇప్పటికీ అస్సాం తోటల్లో ఉంది. ఆ కన్నీళ్ళ కథ వేరే చెప్పుకోవాలి. ఇక్కడ మట్టి సంగతి చూద్దాం.

అడవి నరికిన నేలలో మొదట్లో పంట బ్రహ్మాండంగా వచ్చింది. రాదు మరీ! వందల ఏళ్ళ ఆకులు కుళ్ళి పేరుకున్న సారం అది. అయితే టీ పంటతో ఒక చిక్కుంది. వరిలాగా గింజ తీసుకుని గడ్డి పశువుకి వేసి, ఆ పేడ మళ్ళీ పొలానికి తోలే పద్ధతి కాదు. రెండాకులూ ఒక మొగ్గా చొప్పున, చెట్టు చిగురు వెయ్యడమే తరువాయిగా గిల్లేస్తూ ఉంటారు. నత్రజని ఎక్కువగా ఉండేది ఆ లేత చిగురులోనే. నాలుగున్నర కిలోల పచ్చి ఆకు అయితే కిలో టీ పొడి అవుతుంది. వెయ్యి కిలోల పొడి పెట్టెలకెత్తితే దానితోబాటు సుమారు 40 కిలోల నత్రజని తోట దాటిపోతుంది. అదీ ఏటేటా. పుట్టింటి నించి పట్టుకెళ్ళడమే తప్ప తిరిగి ఏమీ తేని కూతురి సంసారంలా ఉంటుందన్నమాట ఈ వ్యవహారం.

నేలలో సారం తగ్గుతోందని దొరలకి తెలుస్తూనే ఉంది. కాని ఒక వింత వాళ్ళ కంటబడింది. తోటల మధ్య నరకకుండా వదిలేసిన 'సౌ' చెట్ల కింద టీ మొక్కలు మిగతావాటి కంటే ఏపుగా, పచ్చగా ఉంటున్నాయి. సౌ చెట్టు మన దిరిసెనకి దగ్గర చుట్టం. నీడ వల్ల కాబోలు అన్నారు కొందరు, రాలిన ఆకు వల్ల అన్నారు మరికొందరు. 1880ల్లోనే ఈ సంగతి మీద తోటల్లో రాతకోతలు జరిగాయి. కారణం తెలియకపోయినా పని ఆగలేదు, సౌ మొక్కలు నాటడం మొదలుపెట్టారు.

ఆ కారణం సరిగ్గా అదే రోజుల్లో జర్మనీలో బయటపడింది. హెల్‌రీగెల్ అనే ఆయన, తన సహాయకుడు విల్‌ఫార్త్‌తో కలిసి, ఏ సారమూ లేని ఇసకని బాగా కాల్చి, కుండీల్లో నింపి, బఠాణీలు నాటాడు. మొక్కలు మొలిచి, నీరసించి, పచ్చబడి ఆగిపోయాయి. అప్పుడు మామూలు పొలం మట్టిని నీళ్ళలో కలిపి, ఆ తేట కాసింత పోశాడు. చచ్చిపోతాయనుకున్న బఠాణీ మొక్కలు లేచి నిలబడ్డాయి! అదే నీళ్ళు ఓట్లు అనే ధాన్యపు మొక్కలకి పోస్తే ఏమీ కాలేదు. మట్టినీళ్ళని బాగా కాచి పోస్తే బఠాణీకీ ఏమీ కాలేదు. అంటే ఆ నీళ్ళలో ప్రాణమున్నది ఏదో ఉంది, అది బఠాణీతోనే జత కడుతోంది. 1886లో ఈ మాట చెప్పారు, 1888లో పూర్తి వివరాలు అచ్చువేశారు. అదే 1888లో హాలెండులో బైయరింక్ అనే శాస్త్రవేత్త ఆ ప్రాణిని పట్టి చూపించాడు. అదే మనం రైజోబియం అంటున్నది.

వేరుశనగ మొక్క పీకినప్పుడు వేళ్ళకి ఆవగింజలంత బుడిపెలు చూసే ఉంటారు. చీడ అనుకుంటారు చాలామంది. రైజోబియం కాపురముండే గదులవి. మొక్క దానికి చక్కెర పెడుతుంది. అది గాలిలోని నత్రజనిని మొక్క తినగల రూపంలోకి మార్చి ఇస్తుంది. గాలిలో నూటికి 78 వంతులు నత్రజనే అయినా ఏ మొక్కా దాన్ని తిన్నగా తీసుకోలేదు. ఇంటినిండా ధాన్యం పోసుకుని వండేవాళ్ళు లేక పస్తున్నట్టు! పప్పుజాతి మొక్కలకి ఆ వండిపెట్టేవాళ్ళు దొరికారు. సౌ చెట్టూ ఆ జాతిదే. అదీ దాని నీడలోని మహిమ.

తర్వాత్తర్వాత తోటల్లో టీ వరసల మధ్య బోగా మెడెలోవా అనే మొక్క వేసి నేలలో కలిపేయడం మొదలైంది. అది మన వెంపలికి అన్న వరస. వెంపలీ, జనుమూ, జీలుగా పచ్చిరొట్టగా తొక్కడం మన రైతుకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1911లో జోర్‌హాట్ దగ్గర టోక్లాయ్‌లో టీ పరిశోధనా కేంద్రం పెట్టాక ఇలాంటి వాటికి కొలతలూ లెక్కలూ వచ్చాయి.

అయితే టీ మొక్కకి స్వయంగా బుడిపెలు లేవు. ఇంట్లో వండేవాళ్ళు లేరు కనక పక్కింటివాళ్ళు పెడితే తినాలి. మట్టిలో ఎవరితోనూ జత కట్టకుండా, స్వతంత్రంగా బతుకుతూ నత్రజని తయారుచేసే బాక్టీరియా ఏమైనా ఉంటే బాగుండును కదా. ఉంది. 1901లో బైయరింకే కనిపెట్టాడు, పేరు అజటోబాక్టర్. కాని దానికి పులుపు గిట్టదు. టీ మొక్కకి పులుపు నేల తప్ప మరోటి గిట్టదు. పెళ్ళిచూపుల్లోనే చెడిందంటామే, అలాగ! 1939లో స్టార్కీ అనే అమెరికన్, పి.కె. డే అనే మన శాస్త్రవేత్త కలిసి అప్పటి హిందూదేశపు వరి నేలల్లోంచి పులుపుకి తట్టుకునే జాతి ఒకటి తీశారు. దానికి ఇండికం అని మన దేశం పేరే పెట్టారు. తర్వాత దాని ఇంటిపేరు బైయరింకియా అని మారింది.

ఈలోగా లోకం వేరే దారి పట్టింది. గాలిలోని నత్రజనిని ఫ్యాక్టరీలో, విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో పట్టే పద్ధతి జర్మనీలో హాబర్, బాష్‌లు సాధించారు. 1913లో మొదటి ఫ్యాక్టరీ లేచింది. మన దేశంలో సింద్రీ కర్మాగారం 1951లో అమ్మోనియం సల్ఫేటు తియ్యడం మొదలుపెట్టింది. బస్తా విప్పి చల్లితే నాలుగు రోజుల్లో చెట్టు నవనవలాడుతుంటే ఎవరు కాదంటారు? నేను ఆ బస్తాని తిట్టబోవడం లేదు. ఆకలి రోజులు చూసిన దేశం మనది. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఏళ్ళ తరబడి అదే చల్లితే అసలే పుల్లగా ఉన్న నేల మరీ పులిసిపోతుంది, నేలలో ఉండే ప్రాణులు పలచబడతాయి.

బస్తా రాజ్యమేలడానికి ముందే వేరే మాట చెప్పిన దంపతులున్నారు: హవర్డ్ దంపతులు. ఆల్బర్ట్ హవర్డ్ పేరు సేంద్రియ వ్యవసాయం గురించి రాసే ప్రతివాళ్ళూ తలుస్తారు. ఆయన భార్య గాబ్రియెల్ పేరు తలిచేవాళ్ళు తక్కువ. ఆమె కేంబ్రిడ్జిలో మొక్కల శాస్త్రం చదువుకుంది. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లల్ని చదవనిచ్చేవారే గాని పట్టా ఇచ్చేవారు కాదు. పట్టా సంగతి 1948 దాకా తేలలేదు. 1905లో హవర్డ్‌ని పెళ్ళాడి బీహారులోని పూసాకి వచ్చింది. కొన్నేళ్ళు భర్తకి సహాయకురాలిగా పనిచేసి, 1913లో తనూ ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞురాలిగా ఉద్యోగం సంపాదించింది. 'ఇంపీరియల్ ఎకనమిక్ బొటానిస్టు' భర్త, 'సెకండ్ ఇంపీరియల్ ఎకనమిక్ బొటానిస్టు' భార్య. హోదాలో కూడా 'సెకండే' అనుకోండి! గోధుమ రకాల మీద ఇద్దరూ కలిసి పనిచేశారు, కలిసి రాశారు. 1924లో ఇందూరుకి మారి, చెత్తా, పేడా, పశువుల మూత్రం తడిపిన మట్టీ, బూడిదా పొరలు పొరలుగా వేసి తిరగేసే కంపోస్టు పద్ధతి తయారుచేశారు. ఇందూరు పద్ధతి అని దానికే పేరు. 1930లో గాబ్రియెల్ చనిపోయింది. కంపోస్టుకి లోకమంతా కీర్తి వచ్చింది ఆ తర్వాత. సర్ అనే బిరుదు 1934లో వచ్చింది. ఆయనకి.

1937–38 చలికాలంలో హవర్డ్ టీ తోటలన్నీ తిరిగాడు. హిమాలయాల పాదాల దగ్గర డువార్స్‌లోని గాంద్రపారా తోటలో ఇందూరు పద్ధతిన కంపోస్టు పెద్ద ఎత్తున చేస్తుంటే చూసి మురిసిపోయాడు, 1940లో అచ్చయిన తన పుస్తకంలో దాని గురించి విపులంగా రాశాడు. ఆరోగ్యంగా ఉన్న టీ వేళ్ళని అల్లుకుని ఒక బూజుజాతి ఉంటుందనీ, మొక్కకి అది మేలు చేస్తుందనీ చూపించాడు. అది బాక్టీరియా కాదు గాని, ఆయన చెప్పిన అసలు మాట బాక్టీరియాకీ వర్తిస్తుంది. మొక్కకి తిండి పెట్టేది మట్టి, మట్టికి తిండి పెట్టవలసింది మనం. ఆ తిండి లేకుండా తోడు ఒక్కటే వేసి లాభం లేదు. నీళ్ళకి తోడు వేస్తే పెరుగవుతుందా?

ఇప్పుడు రెండో ఆవిడ దగ్గరికి వస్తాను. పేరు యొహానా డోబెరైనర్. 1924లో చెకోస్లోవాకియాలో, జర్మన్ మాట్లాడే ఇంట్లో పుట్టింది. తండ్రి పౌల్ కుబెల్కా రసాయన శాస్త్రవేత్త, ప్రాగ్‌లో పాఠాలు చెప్పేవాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి జర్మన్ వాళ్ళని ఆ దేశం నించి వెళ్ళగొట్టారు. తల్లి పోయింది. కుటుంబం చెదిరిపోయింది. ఇరవై ఏళ్ళ పిల్ల, ప్రొఫెసరుగారి అమ్మాయి, జర్మనీ పల్లెల్లో ఆవుల పాలు పితికి, పొలాల్లో పేడ చల్లి పొట్టపోసుకుంది. ఆ పని చేస్తూనే వ్యవసాయం చదువుకోవాలనుకుంది, మ్యూనిక్‌లో చేరింది. అక్కడే పశువైద్యం చదివే యూర్గెన్‌ని పెళ్ళిచేసుకుని, అప్పటికే తండ్రి వెళ్ళి ఉన్న బ్రెజిల్‌కి చేరింది.

అక్కడ 1951లో, రియో నగరానికి కొంతదూరంలో సెరోపెడికా అనే చోట ప్రభుత్వ మట్టి పరిశోధనశాలలో ఉద్యోగం దొరికింది. ముగ్గురు పిల్లల్ని పెంచుతూ, చెరుకు వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిని తవ్వి చూడడం ఆమె పని. గడ్డిజాతి మొక్కలైన చెరుకూ, మొక్కజొన్నా బుడిపెలు లేకుండానే బాక్టీరియా నించి సాయం పొందుతాయని ఆమె నమ్మింది. అప్పటికి చాలామంది పెద్దలు దాన్ని ఒప్పుకోలేదు. సోయా చిక్కుడు విషయంలోనూ అంతే. 1960లలో బ్రెజిల్‌లో ఆ పంట పెంచబోతూ అమెరికాలోలాగా నత్రజని బస్తాలు వెయ్యాలా, రైజోబియంని నమ్మాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆమె రైజోబియం పక్కన నిలబడింది. ఆ దేశం ఆ మాట విన్నది. ఇవాళ ప్రపంచంలో సోయా ఎక్కువ పండించే దేశాల్లో బ్రెజిల్ ముందు వరసలో ఉంది, ఆ పంటకి నత్రజని ఎరువు దాదాపు కొనకుండానే.

1970లలో ఆమె అందరూ మరిచిపోయిన ఒక బాక్టీరియాని మళ్ళీ వెతికి పట్టుకుంది. 1920లలో బైయరింక్ చూసి పక్కన పెట్టినది. స్ప్రింగులాగా మెలితిరిగి చురుగ్గా ఈదే జీవి. అది అంతకాలం దొరక్కపోవడానికి కారణం దాని సున్నితం. గాలి ఎక్కువైతే నత్రజని చెయ్యలేదు, బొత్తిగా లేకపోతే బతకలేదు. అంచేత పరీక్ష గొట్టంలో గట్టిగానూ కాకుండా నీళ్ళగానూ కాకుండా, జావలాంటి ఆహారం తయారుచేశారు. రెండు మూడు రోజులకి దాంట్లో, పైన కాదు, పైనించి కొంచెం కిందుగా, తెల్లటి పలచటి తెర కట్టింది. తనకి కావలసినంత గాలి ఉన్న మట్టం చూసుకుని అక్కడ చేరింది ఆ బాక్టీరియా. మీగడ కట్టడం చూడడానికి అలవాటుపడ్డ కళ్ళకి ఇది తట్టిందేమో అని నాకో అనుమానం. శాస్త్రవేత్తలు నవ్వితే నవ్వనివ్వండి. 1978లో దానికి అజోస్పైరిల్లం అని పేరు స్థిరపడింది. ఇవాళ మన దేశంలో అమ్మే జీవన ఎరువుల్లో ముఖ్యమైన వాటిలో ఇదొకటి. 1997లో ఆమెను నోబెల్ బహుమతికి ప్రతిపాదించారు. రాలేదు. 2000లో, తను దాదాపు 50 ఏళ్ళు పనిచేసిన సెరోపెడికాలోనే కన్నుమూసింది.

ఈ అజోస్పైరిల్లంని టీ వేళ్ళ దగ్గర వేస్తే అది రెండు పనులు చేస్తుంది. కొంత నత్రజని ఇస్తుంది. అంతకంటే ముఖ్యంగా, మొక్క ఎదుగుదలకి కావలసిన హార్మోనులు తయారుచేసి నూగువేళ్ళు గుబురుగా వచ్చేట్టు చేస్తుంది. వేళ్ళు ఎక్కువైతే నీరూ సారమూ ఎక్కువ అందుతాయి. భాస్వరం కథ ఇంకొకటి. పులుపు నేలల్లో భాస్వరాన్ని ఇనుమూ, అల్యూమినియమూ గట్టిగా పట్టుకుని వదలవు. బాసిలస్, సూడోమోనాస్ జాతుల్లో కొన్ని ఆమ్లాలు విడిచి ఆ పట్టు వదిలిస్తాయి. టోక్లాయ్‌లోనూ, ఆనైమలై కొండల్లో వాల్పారై దగ్గరున్న ఉపాసి పరిశోధనా సంస్థలోనూ ఈ బాక్టీరియా మీద చాలా పని జరిగింది. ఎక్కడి తోటకి అక్కడి మట్టిలోంచి తీసిన రకమే బాగా నిలుస్తుందట. పక్కింటి తోడు సంగతి తెలిసిన మనకి ఇందులో ఆశ్చర్యమేముంది?

(మట్టిలోని సూక్ష్మజీవులంటే జబ్బులే అనుకునేవాళ్ళకి ఒక మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనకి పెద్దగా ఉన్న అమెరికా సంస్థలో 1948లో వచ్చిన ఆరియోమైసిన్ మందు కూడా పిడికెడు మట్టిలోని సూక్ష్మజీవి పెట్టిన భిక్షే.)

ప్యాకెట్టులో ఉండేది సాధారణంగా లిగ్నైట్ బొగ్గు పొడి. దానిలో బాక్టీరియాని కలుపుతారు. 2006 నించి దీనికి ప్రభుత్వ ప్రమాణం ఉంది. పొడి అయితే గ్రాముకి 5 కోట్ల జీవకణాలు ఉండాలి. ప్యాకెట్టు మీద గడువు తేదీ ఉంటుంది. మందుల సీసా మీద చూసినట్టే చూడాలి. ఎండలో పెడితే చస్తాయి, రసాయన ఎరువుతో కలిపి చల్లితే చస్తాయి. బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, నీడలో ఉంచి, నేల తడిగా ఉన్నప్పుడు మొదళ్ళలో వేసి మట్టి కప్పాలి. దుకాణం గాజు తలుపు దగ్గర నెల్లాళ్ళు ఎండకి మగ్గిన ప్యాకెట్టు కొని, పని చెయ్యలేదని శాస్త్రాన్ని తిట్టడం అన్యాయం.

పోనీ అన్నీ సవ్యంగా చేశారే అనుకుందాం. బస్తా ఇచ్చినంత నత్రజని బాక్టీరియా ఇవ్వగలదా? ఇవ్వలేదు. పంట ఎక్కువ తీసే తోటలో ఏటా పోయే నత్రజనిలో అది తీర్చేది కొంత భాగమే. మిగతాది కంపోస్టూ, వానపాముల ఎరువూ, నీడచెట్ల ఆకూ, కత్తిరించిన కొమ్మలూ పూరించాలి. ఏళ్ళ తరబడి మార్కులు వేయించుకున్న నేల ఒక్కసారిగా బస్తా మానేస్తే మొదటి సంవత్సరాల్లో దిగుబడి పడిపోతుంది. టీలాంటి శాశ్వత పంటకి సేంద్రియం అన్న ధ్రువపత్రం రావాలంటే మూడేళ్ళు ఆగాలి. ఆ మూడేళ్ళూ ఖర్చు ఎక్కువ, ఆకు తక్కువ, ధర మాత్రం పాతదే. డార్జిలింగ్‌లో మకైబారి తోట 1988లోనే ధ్రువపత్రం తెచ్చుకుంది. పేరున్న తోట, విదేశాల్లో ఖరీదు కట్టి కొనేవాళ్ళున్నారు, తట్టుకుంది. సిక్కిం టెమీ తోట 2008 నాటికి సేంద్రియమైంది. అది ప్రభుత్వపు తోట. నష్టం భరించడానికి ఖజానా ఉంది.

నాకు గుబులు పుట్టించేది మిగతా తోటల సంగతి. ఆకు గిల్లేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. రోజుకి ఇన్ని కిలోలని లెక్క. అంతకు మించి గిల్లితే కిలోకి ఇంతని పైసలు. చెట్టుకి చిగుళ్ళు తగ్గితే ఆవిడ వేళ్ళు ఎంత చురుగ్గా ఆడినా బుట్ట నిండదు. మట్టి బాగుపడేదాకా ఆ తక్కువ బుట్ట ఎవరి ఖాతాలో రాయాలో మొదటే తేల్చకుండా, మందులు మానేశాం అని పెట్టె మీద పచ్చరంగు బొమ్మ అచ్చువేస్తే సరిపోదు. అలాగని, పురుగుమందు చల్లిన మర్నాడు అదే వరసల్లో నడుం దాకా తడుస్తూ ఆకు గిల్లేదీ ఆవిడే కనక, మందులు మానేస్తే ముందు మేలు జరిగేదీ ఆవిడకే. ఆవిడని అడిగితే ఏది కోరుకుంటుందో!

ఇప్పుడు దేశంలో టీ ఆకులో సగం దాకా చిన్న రైతుల నించే వస్తోంది. ఒకటి రెండెకరాల వాళ్ళు. మూడేళ్ళు ఆగే శక్తి వాళ్ళకి లేదు. అంచేత చాలామంది మధ్యేమార్గం పట్టారు. బస్తా పూర్తిగా మానరు, తగ్గిస్తారు. బస్తా చల్లిన కొన్ని వారాలకి, విడిగా, ఈ నల్లటి పొడిని పశువుల ఎరువులో కలిపి మొదళ్ళలో వేస్తారు. కొన్నేళ్ళకి నేల గుల్లబారుతుంది, తవ్వితే వానపాము కనిపిస్తుంది, ఎరువుల ఖర్చు కొంత దిగుతుంది. దీనికి ధ్రువపత్రం రాదు. సాయంత్రం ఆకు మూటలు తూకానికి తీసుకెళ్తే, పక్కవాళ్ళ ఆకుతో కలిపి అదే కుప్పలో పోసుకుని, ఫ్యాక్టరీవాళ్ళు ఆ రోజు ధరే కడతారు.